మేనిలోని కుంపటి

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభయందు ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



తల్లిదండ్రుల సభలో ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. ఏమి చెప్పవలెనని నేనడుగగా వారు మూడు షరతులు పెట్టిరి. సంగతి కొత్తదిగా నుండవలెను, తెలుగులో చెప్పవలెను, ఇంటికి పోయిన పిమ్మట పనికిరావలెను. ఆ మూడును కుదురు విషయమొకటి వెదకి తెచ్చితిని. అది కొవ్వును గూర్చిన సంగతి. అందును చలికి పుట్టి, మేనికి వేడిమినిచ్చు ఒక విధమైన కొవ్వు కణముల సంగతి.

మీలో కొందరు నవ్వుకొనుచున్నారు. వేసవిలో 40 డిగ్రీలు దాటి ఎండకాయు షోలాపురములో నిలుచుండి, చలికి పుట్టు కణములను గూర్చి మాటలాడుట ఎండాకాలమున కంబళ్లమ్మబోయినట్లున్నది. నిజమే. అయినను కొంచెము ఓపికపట్టి వినుడు. ఆ కణములు మన ఊరివారిలో కొద్దిగా నున్నను, వాని కథ మన యింటి మధుమేహముతో ముడిపడియున్నది.

కొన్ని యేండ్ల క్రిందట పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేయు ఒక సోదరుడు నా యొద్దకు వచ్చెను. వయస్సు నలువది లోపు. బక్కపలుచని మనిషి. రక్తపరీక్షలో చక్కెర మిక్కిలి హెచ్చుగా నున్నది. ఆ సంగతి చెప్పగానే అతడు నమ్మలేదు. "డాక్టర్ సాబ్, షుగరు లావుగున్నోళ్లకు వస్తదంటరు గద! నేను గింత బక్కగున్న. నాకెట్ల వచ్చింది?" అని అడిగెను. ఆనాడు నేను చెప్పిన జవాబు అతనికి తృప్తి కలిగించలేదు. నిజము చెప్పవలెనన్న, నాకును కలుగలేదు. ఈ ప్రసంగము ఆ ప్రశ్నకు నేను కూర్చుకొనిన జవాబు.

అతనిది ఒంటరి ప్రశ్న కాదు. భారత వైద్య పరిశోధనా మండలి దేశమంతట జరిపించిన సర్వే ఫలితములు 2023వ సంవత్సరమున వెలువడెను. మన దేశములో 10 కోట్లకు మించిన జనులకు మధుమేహము కలదని, అంతకంటె హెచ్చుమంది దాని గడపలో నిలిచియున్నారని అందు తేలినది. వీరిలో చూచుటకు సన్నముగానున్నవారు తక్కువమంది కారు.

ఈ చిక్కును విప్పుటకు మొదటి దారము మనకు దగ్గరనే, పుణె నగరమున దొరకినది. అక్కడి వైద్యుడు డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్‌గారు, వారి సహచరులు, పుణె చుట్టుప్రక్కల గ్రామములలో పుట్టిన శిశువులను తూచి, కొలిచి, ఇంగ్లండులోని సౌథాంప్టను నగరమున పుట్టిన శిశువులతో పోల్చిరి. ఆ ఫలితములను 2003లో ప్రకటించిరి. మన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, అక్కడివారిది 3.5 కిలోలు. మన పిల్లలలో కండ తక్కువ, పొట్ట కొలత తక్కువ. కాని వీపుమీది చర్మము క్రింద కొవ్వు మాత్రము ఆ లెక్కన తగ్గలేదు. సన్నని శిశువే, కాని కొవ్వుపాలు హెచ్చు. మరుసటి సంవత్సరమే యాజ్ఞిక్‌గారు ఇంగ్లండులోని తమ మిత్రుడైన డాక్టరు యుడ్కిన్‌గారితో కలిసి తమ యిద్దరి ఛాయాచిత్రమునే ఒక వైద్యపత్రికలో అచ్చువేయించిరి. ఎత్తుకు బరువును సరిచూచు లెక్కలో ఇద్దరిదీ ఒకటే అంకె, 22.3. కాని ఇంగ్లీషు వైద్యుని దేహములో కొవ్వు నూటికి 9.1 పాళ్లు, మన వైద్యుని దేహములో 21.2 పాళ్లు. తక్కెడ ఇద్దరికి ఒకే తీర్పు చెప్పినది. లోపలి సంగతి వేరు.

కావున నేడు నేను మీకు చెప్పదలచిన మాట ఇది: మన ఆరోగ్యమునకు బరువొక్కటే కొలత కాదు. కొవ్వు ఎంత యున్నది, ఎచ్చట నున్నది, ఏ జాతిది అను మూడు ప్రశ్నలును ముఖ్యములే. ఇందు మూడవ ప్రశ్న మిక్కిలి కొత్తది.

మనకు తెలిసిన కొవ్వు తెల్లకొవ్వు. దాని కణమును సూక్ష్మదర్శినిలో చూచినచో, ఒకే పెద్ద నూనెబొట్టు కణమంతయు నిండియుండును. తక్కిన భాగములు అంచునకు నెట్టబడియుండును. ఇది మేనికి ధాన్యపుకొట్టు వంటిది. తిన్నదానిలో మిగులును దాచి, పస్తున్ననాడు బయటికి తీయును. దీనిని తిట్టిపోయుట తగదు. కాని చర్మము క్రిందనున్న కొట్లు నిండిపోయిన పిమ్మట కొవ్వు కాలేయములోనికి, ప్రేగుల చుట్టును చేరును. అప్పుడు ఇన్సులిన్ మాటను కాలేయమును, కండలును సరిగా వినవు. మధుమేహమునకు అది తొలిమెట్టు. చర్మము క్రింది కొట్లు చిన్నవైనవారికి, మనిషి లావు కాకమునుపే ఈ పొర్లిపోవుట మొదలగును. ఆ పవర్‌లూమ్ సోదరునికి జరిగినది బహుశః ఇదియే.

రెండవ జాతి కపిల కొవ్వు. కపిలగోవు వర్ణము మీకు తెలిసినదే గదా; ఆ రంగు. స్విట్జర్లాండు దేశపు ప్రకృతి శాస్త్రజ్ఞుడు కాన్రాడ్ గెస్నర్ 1551లోనే, చలికాలమంతయు నిద్రించు ఒక కొండజంతువు దేహములో దీనిని చూచి, ఇది కొవ్వును కాదు, మాంసమును కాదు అని వ్రాసెను. అప్పుడే పుట్టిన శిశువునకు ఇది వీపు రెక్కల నడుమ, మెడయొద్ద, మూత్రపిండముల చుట్టును ఉండును. పెద్దవారు చలికి గడగడ వణకి వేడి పుట్టించుకొందురు. పసిబిడ్డ అట్లు వణకజాలదు. ఈ కొవ్వును మండించి వెచ్చబడును. కావుననే దీనిని మేనిలోని కుంపటి యనుచున్నాను.

ఈ కుంపటి ఎట్లు పనిచేయును? మీలో చాలమంది భీమానదిపైని ఉజని ఆనకట్టను చూచియుందురు. నీరు ఒకవైపు ఎత్తుగా నిలుచును. ఆ నీటిని యంత్రము గుండా దింపినచో విద్యుత్తు పుట్టును. మన జీవకణములలో దాదాపు అన్నింటిలోను మైటోకాండ్రియా యను సూక్ష్మమైన కార్ఖానాలున్నవి. తిన్న అన్నమును అవి మెల్లగా దహించి, ఆ బలముతో హైడ్రోజను అయానులను ఒక పొరకు ఆవలివైపు నెట్టి నిలుపును. అదియే ఆనకట్ట. ఆ అయానులు తిరిగి లోపలికి వచ్చునపుడు ఒక యంత్రమును త్రిప్పును. ఆ యంత్రమే కణమునకు కావలసిన శక్తిపదార్థమును తయారుచేయును. ఈ సూత్రమును 1961లో ప్రతిపాదించిన పీటర్ మిచెల్ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞునకు 1978లో నోబెల్ బహుమానము లభించినది.

కపిల కొవ్వులో ఈ ఆనకట్టకు వేరొక తూము కలదు. యూ.సీ.పీ. 1 అను మాంసకృత్తు ఆ తూము. దాని తలుపు తెరచినప్పుడు అయానులు యంత్రమును త్రిప్పకయే లోపలికి దూకును. పని జరుగదు, శక్తియంతయు వేడిమిగా మారును. నష్టము వచ్చునట్లే కనబడును గాని, చలిలోనున్న పసిబిడ్డకు ఆ నష్టమే ప్రాణము. ఈ కణములలో నూనె ఒకే బొట్టుగా గాక చిన్న చిన్న బొట్లుగా నుండును. మైటోకాండ్రియా లెక్కకు మించియుండును. వానిలోని ఇనుము వలననే ఆ కపిలవర్ణము.

ఇక మూడవ జాతి. తెల్లకొవ్వు నడుమ, అక్కడక్కడ, కపిల లక్షణములు గల కణములు పుట్టుచుండును. ఆంగ్లమున వీనికి 'బేజ్' కణములని పేరు. రంగువేయని ఉన్ని సహజవర్ణమునకు ఫ్రెంచివారు పెట్టిన పేరది. నూలు రంగులు తెలిసిన మీకు వేరుగా వివరింపనక్కరలేదు. నేను వీనిని లేతకపిల కణములందును. చలిలో నుంచిన ఎలుకల తెల్లకొవ్వులో వేడిపుట్టించు కణములు ప్రత్యక్షమగుచున్నవని ఇంగ్లండు పరిశోధకులు 1984లోనే చూపిరి. అంతకు మూడేండ్ల ముందు, ఫిన్లండు ఉత్తర భాగమున చలిలో ఆరుబయట పనిచేసినవారి మెడ రక్తనాళముల చుట్టును కపిల కొవ్వు మిగిలియుండుట అక్కడి వైద్యులు గుర్తించిరి. కాని పెద్దవారిలో ఇది అంతగా పనిచేయదనియే లోకము చాలకాలము తలచెను.

2009లో ఆ తలంపు మారినది. అమెరికాలోని బోస్టను, హాలండులోని మాస్ట్రిక్ట్, ఫిన్లండులోని తుర్కు నగరముల పరిశోధకులు ఒకే వైద్యపత్రికలో మూడు వ్యాసములు ప్రకటించిరి. గ్లూకోజు ఎచ్చట హెచ్చుగా ఖర్చగుచున్నదో చూపు స్కానుయంత్రము వారికి తోడ్పడినది. బోస్టనులో మామూలు వేడిమియందు తీసిన స్కానులలో, స్త్రీలలో నూటికి ఏడెనిమిదిమందికి, పురుషులలో ముగ్గురికి ఈ కొవ్వు మెడ, భుజముల యొద్ద కనబడెను. మాస్ట్రిక్టులో 24 మంది యువకులను 16 డిగ్రీల చలిలో కూర్చుండబెట్టి చూడగా 23 మందిలో కనబడెను. కుంపటి ఉన్నది, చలి తగిలినగాని నిప్పు రాజుకొనదు. 2012లో బోస్టను నగరపు బ్రూస్ స్పీగెల్మాన్‌గారి పరిశోధకబృందము, లేతకపిల కణము తెల్లకొవ్వుకును, పుట్టుకతో వచ్చిన కపిల కొవ్వుకును భిన్నమైన జాతియని, పెద్దవారి మెడ క్రింది కొవ్వులో చాలవరకు దాని గుర్తులే కలవని చూపెను.

ఈ కణములు ఎట్లేర్పడును? చర్మమునకు చలి తగులగానే నాడులు ఆ వార్తను మెదడు అడుగునగల ఉష్ణనియంత్రణ కేంద్రమునకు చేర్చును. అచ్చటినుండి ఆజ్ఞ సహానుభూత నాడుల ద్వారా కొవ్వులోనికి వచ్చును. నాడి కొనలనుండి నారడ్రినలిన్ అను రసాయనము వెలువడి కొవ్వు కణము తలుపు తట్టును. వెంటనే రెండు పనులు జరుగును. ఒకటి, అప్పటికే యున్న కపిల కణములలో నూనెబొట్లు కరగి కొవ్వు ఆమ్లములు విడుదలయగును. అవియే ఇంధనము, తూము తెరచు తాళపుచెవియు అవియే. రెండవది దినములు, వారములు పట్టు పని. కణము లోపల పీ.ఆర్.డీ.ఎం. 16 వంటి అధికార మాంసకృత్తులు కొన్ని జన్యువులను మేల్కొలిపి, మైటోకాండ్రియాను పెంచి, తూములను కట్టించును. ఈ కొత్త కణములు కొన్ని రక్తనాళముల యొద్ద నుండు మూలకణములనుండి క్రొత్తగా పుట్టును. కొన్ని, చూచుటకు తెల్లకణములై నిద్రించుచు, చలి తగులగానే తమ పూర్వరూపమును మరల దాల్చును.

చలి తొలగినచో? కథ వెనుకకు నడచును. స్విట్జర్లాండు పరిశోధకులు 2013లో ఎలుకల లేతకపిల కణములకు గుర్తుపెట్టి చూచిరి. వెచ్చని చోటికి మార్చిన కొన్ని వారములకు అవి తమ మైటోకాండ్రియాను పోగొట్టుకొని తెల్లకణములవలె మారెను. మరల చలి తగులగా తిరిగి లేతకపిలమయ్యెను. కావున ఇది ఒకసారి సంపాదించి దాచుకొను ఆస్తి కాదు. వాడుకలో నుంచినంతకాలమే నిలుచు విద్య వంటిది.

ఇక అసలు ప్రశ్న: దీనివలన ఆరోగ్యమునకు మేలెంత? 2014లో ఎలుకల కొవ్వులో పీ.ఆర్.డీ.ఎం. 16 లేకుండ చేసి చూచిరి. లేతకపిల కణములు నశించెను. కొవ్వెక్కువ గల ఆహారము పెట్టగా ఆ ఎలుకలు లావెక్కి, ఇన్సులిన్‌కు లొంగనివయ్యెను. చర్మము క్రింది కొవ్వు ప్రేగుల కొవ్వువలె ప్రవర్తింపసాగెను. మనుష్యులను గూర్చి జపాను పరిశోధకులు 2013లో ఒక ఫలితము ప్రకటించిరి. యువకులను దినమునకు రెండు గంటలు 17 డిగ్రీల గదిలో ఆరు వారములు కూర్చుండబెట్టగా కుంపటి బలపడి, దేహపు కొవ్వు కొంత తగ్గెను. అమెరికాలో అయిదుగురు పురుషులు నాలుగు నెలలు రాత్రులు నియమిత ఉష్ణముగల గదులలో నిద్రించిరి. 19 డిగ్రీల నెలలో ఆ కొవ్వు పెరిగి, ఇన్సులిన్ పనితనము మెరుగుపడెను. 27 డిగ్రీల నెలలో పెరిగినది తరిగిపోయెను. మాస్ట్రిక్టులో మధుమేహముగల ఎనిమిదిమందిని పది దినములు కొన్ని గంటలచొప్పున 14, 15 డిగ్రీల చలికి అలవాటుచేయగా ఇన్సులిన్ పనితనము నూటికి 43 పాళ్లు హెచ్చెను. ఇది 2015 నాటి మాట.

ఈ అంకెలు వినుటకు ఇంపుగా నుండును. కాని వైద్యుడు సగము మాట చెప్పరాదు. అయిదుగురు, ఎనిమిదిమంది అనునవి చిన్న లెక్కలు. పైగా మాస్ట్రిక్టు ప్రయోగములో గ్లూకోజును హెచ్చుగా గ్రహించినది కపిల కొవ్వు కాదు, కండలు. ఈ సంగతిని ఆ పరిశోధకులే వ్రాసిరి. దీనిని మరువకుడు, చివర మరల చెప్పెదను.

2021లో న్యూయార్కు పరిశోధకులు 52,000 మందికి పైగా రోగుల స్కానులను పరిశీలించిరి. కపిల కొవ్వు కనబడినవారిలో మధుమేహము నూటికి 4.6, కనబడనివారిలో 9.5. గుండెజబ్బు, రక్తపుపోటు కూడ మొదటివారిలో తక్కువ. ఇది గట్టి ఆధారమే గాని, ఆ కొవ్వు వలననే ఆరోగ్యము కలిగెనా, ఆరోగ్యవంతులకే ఆ కొవ్వు నిలిచెనా యను ప్రశ్న ఇంకను మిగిలియేయున్నది.

మనవారి సంగతి యేమి? 2014లో హాలండులో, దక్షిణాసియా సంతతి యువకులను పన్నెండుమందిని, తెల్లజాతి యువకులను పన్నెండుమందిని చలిలో నుంచి పోల్చిరి. మనవారిలో ఈ కొవ్వు పరిమాణము మూడవవంతు తక్కువగా కనబడెను. విశ్రాంతిలో ఖర్చగు శక్తియు తక్కువయే. ఇరువది నలుగురిని చూచి కోట్లమందికి తీర్పు చెప్పరాదు. అయినను కొట్లు చిన్నవి, కండ తక్కువ, కుంపటి చిన్నది అను మూడును కలిసినచో, బక్కమనిషికి మధుమేహమెట్లు వచ్చెనో కొంత అర్థమగుచున్నది గదా! ఆ సోదరుడు చేసిన తప్పేమియు లేదు. తక్కెడను నమ్మెను, అంతే.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఈ శాస్త్రము బయటికి వచ్చినది మొదలు 'కొవ్వు కరిగించు' మాత్రలు అమ్మువారికి కొత్త మాటలు దొరకినవి. ఒక తల్లి తన కుమార్తెను నా యొద్దకు తీసికొనివచ్చినది. పెండ్లి కుదిరినది, నెలలో సన్నబడవలెనని ఎవరో అమ్మిన మాత్రలు వాడుచున్నారు. పిల్లకు గుండెదడ, చెమటలు, నిద్రలేమి. సీసాపై అందులోని మందు పేరే లేదు. మాన్పించితిని, పిల్ల తేరుకొన్నది. ఆ తల్లిని నేను కోపగించలేదు. కూతురి మేలు కోరియే ఆమె అట్లు చేసినది. కాని ఆమెకు చెప్పిన కథనే మీకును చెప్పెదను.

డైనైట్రోఫినాల్ అను రసాయనమొకటి కలదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఫ్రాన్సుదేశపు మందుగుండు కార్ఖానాలలో దీనిని ముట్టుకొనిన కూలీలకు జ్వరము వచ్చెను, చిక్కిపోయిరి, కొందరు మరణించిరి. 1933లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు వైద్యులు, ఇది లావును తగ్గించునని ప్రకటించిరి. వేలకొలది జనులు కొనితినిరి. నిజముగనే సన్నబడిరి. కాని అనేకులకు కన్నులలో శుక్లములు వచ్చెను. కొందరు ఒళ్లుకాలి మరణించిరి. 1938లో కొత్త చట్టము వచ్చిన పిమ్మట ఆ ప్రభుత్వము దానిని మనుష్యులు తినదగని అపాయకర ద్రవ్యముగా నిర్ణయించెను.

అది చేయు పని యేమి? కపిల కొవ్వు చేయు పనియే. ఆనకట్టలోని అయానులను యంత్రము త్రిప్పకుండ లోపలికి విడుచును. మరి శిశువును బ్రతికించునది, పెద్దవారినెట్లు చంపినది? భేదమొక్కటే. ప్రకృతి పెట్టిన తూము కొన్ని కణములలోనే కలదు. దానికి తలుపు కలదు. ఆజ్ఞ వచ్చినప్పుడు తెరచుకొని, చాలినప్పుడు మూసికొనును. ఆ రసాయనము దేహములోని ప్రతి ఆనకట్టకును కన్నము పొడుచును. ఆ కన్నమునకు తలుపు లేదు. కుంపటి వంటయింట నుండిన అన్నమునిచ్చును. ఇంటికప్పుపై పెట్టిన ఇల్లు కాల్చును.

నేటి మందుల పరిశోధకులు ఇంతకంటె జాగ్రత్తగల మార్గములు వెదకుచున్నారు. మూత్రాశయ వ్యాధికి వాడు మిరాబెగ్రాన్ అను మందును మామూలు మోతాదుకు నాలుగురెట్లిచ్చి, పన్నెండుమంది యువకులలో కపిల కొవ్వును మేల్కొలిపిన సంగతి 2015లో వెలువడినది. కాని గుండె వేగమును దానితోపాటే హెచ్చెను. ఒక తలుపు తట్టబోగా ప్రక్కయింటి తలుపును తెరచుకొన్నది. ఇట్టి మందులను పరిశోధనశాలలోనే ఉండనిండు. మనము బజారులో కొనవలదు.

మరి చన్నీళ్ల స్నానమో, మంచుగడ్డలతో స్నానమో చేయుదుమా యని కొందరడుగుదురు. ఆరోగ్యవంతుడైన యువకుడు చన్నీళ్లు పోసికొనిన నేను వలదనను. దానితో మధుమేహము పోవునని మాత్రము చెప్పజాలను. గుండెజబ్బు, రక్తపుపోటు గలవారికి హఠాత్తుగా తగులు చలి అపాయము. రక్తనాళములు ముడుచుకొని పోటు పెరుగును. పసిబిడ్డలను గట్టిపడుదురని చలిలో నుంచుట మహాదోషము. బరువు తక్కువగా పుట్టిన శిశువు కుంపటిలో ఇంధనము స్వల్పము. అట్టి బిడ్డను తల్లి రొమ్మునకు చర్మము చర్మమునకు తగులునట్లు హత్తుకొని, మీద గుడ్డ కప్పియుంచవలెను. ఆ వెచ్చదనమునకు సాటియైన కుంపటి లేదు.

కార్యవర్గమువారి మూడవ షరతునకు వచ్చితిని. ఇంటికి పోయి చేయవలసిన పనులు ఇవి.

మొదట, ముప్పది యేండ్లు దాటినవారందరు, లావైనను సన్నమైనను, రక్తములో చక్కెర పరీక్ష చేయించుకొనుడు. "నేను బక్కవాడను" అను ధైర్యము చాలదు. తల్లికో తండ్రికో మధుమేహమున్నచో అశ్రద్ధ అసలే తగదు.

రెండవది, తక్కెడతోపాటు టేపును నమ్ముడు. మన యింట టేపునకు కొదువలేదు. బొడ్డునకు కొంచెము పైగా, ఊపిరి విడిచి, నడుము కొలుచుకొనుడు. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటినచో కొవ్వు తగనిచోట చేరుచున్నదని హెచ్చరిక. మనవారికి ఏర్పరచిన హద్దులివి. ఐరోపా పురుషులకు ఏర్పరచినది 94.

మూడవది, కండను పెంచుడు. మాస్ట్రిక్టు ప్రయోగములో గ్లూకోజును మ్రింగినది కండయని చెప్పితిని గదా! కండ మనయందరికిని ఉన్నది. దానిని మేల్కొలుపుటకు చలిదేశము పోనక్కరలేదు. దినమునకు అరగంట వేగముగా నడచుట, బరువులెత్తుట, మెట్లెక్కుట చాలును. మగ్గము ముందు ఎనిమిది గంటలు నిలుచుట అలసట కలిగించును గాని, వ్యాయామము కాదు. పిల్లలను సాయంకాలము ఒక గంట ఆడనిండు. మార్కులు దానివలన తగ్గవు.

నాల్గవది, ఆడపిల్లలకు, గర్భిణులకు తిండి తక్కువ చేయకుడు. పుణె శిశువుల కథ తల్లి కడుపులోనే మొదలైనది. ఇంటిలో అందరికి వడ్డించి, మిగిలినదానితో కోడలు కడుపు నింపుకొను ఆచారమున్నచో దానిని నేడే మానుడు. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, పాలు, గ్రుడ్డు తినువారికి గ్రుడ్డు, ఇవి ఆమె పళ్లెములో ముందు పడవలెను. రేపటి మనుమని కండ, కొవ్వు ఆ పళ్లెములోనే నిర్ణయమగును.

అయిదవది, పేరులేని మాత్రలు కొనకుడు. పెండ్లికైనను, పోటీకైనను, మరెందుకైనను.

ఆ పవర్‌లూమ్ సోదరుడు ఇప్పటికిని నా యొద్దకు వచ్చుచున్నాడు. మందులు వాడుచు, వేకువజామున నడచుచున్నాడు, చక్కెర అదుపులోనున్నది. ఈ ప్రసంగము వ్రాసికొనుచున్న దినములలో అతనికి ఈ కుంపటి కథ చెప్పితిని. శ్రద్ధగా విని, "మరి నా మెడల ఆ కొవ్వున్నదా డాక్టర్ సాబ్?" అని అడిగెను. "ఉన్నదో లేదో నాకు తెలియదు. దానిని వెదకుటకు చేయు స్కానుకు చాల డబ్బు కావలెను, నీకు దానివలన ప్రయోజనము లేదు. నీ కాళ్లు ఉన్నవి, అవి నడచుచున్నవి. అది నేను చూచుచున్నాను" అంటిని. ఈసారి నా జవాబు అతనికి నచ్చినట్లే తోచినది. తన యిద్దరు తమ్ములను మరుసటి వారమే పరీక్షకు తీసికొనివచ్చెను. వారును బక్కవారే. ఒకనికి చక్కెర ఉన్నది, తొలిదశలోనే దొరికినది.

మీలో ఒక్కరైనను ఈ సభనుండి ఇంటికి పోయి, అట్లే ఒక తమ్ముని వెంటబెట్టుకొని వచ్చినచో నా శ్రమ ఫలించినట్లే.